ఊక బాయిలర్ పొగలోంచి సీఓటూ పట్టడం: టన్నుకి స్టీమ్ ఎంత, తగ్గించే దారేది?

తణుకు_ప్లాంటు
అందరికీ నమస్కారం అండి. నూకల మీద నడిచే ఇథనాల్ ప్లాంటు, రోజుకి 100 కిలోలీటర్లు. 30 టన్నుల ఊక బాయిలర్, 45 బార్, 440 డిగ్రీలు. బ్యాక్ ప్రెజర్ టర్బైన్ ఉంది. దాన్లోంచి వచ్చే 3.5 బార్ స్టీమ్ మీదే డిస్టిలేషను, ఎవాపరేటరు, డ్రయ్యరు నడుస్తాయి. చిమ్నీ నుంచి రోజుకి 50 టన్నుల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) పట్టి, ద్రవం చేసి అమ్మాలని యాజమాన్యం ఆలోచన. 30 శాతం ఎంఈఏ (మోనోఇథనాలమీన్, సీఓటూని పట్టే ఎమీన్ రసాయనం) ద్రావణంతో ఒక కొటేషను వచ్చింది. టన్ను సీఓటూకి 1.9 టన్నుల స్టీమ్ అంటున్నారు. ఇది మామూలేనా? ఎంతవరకు తగ్గించొచ్చు? ఎండాకాలం కాలువలు కట్టేస్తే కూలింగ్ నీళ్ల సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

లెక్కల_మాష్టారు
1.9 టన్నుల స్టీమ్ అంటే 4 గిగాజౌళ్ల వేడి. పాత పద్ధతి ఎంఈఏ, చిన్న ప్లాంటు, ఏ మెరుగూ పెట్టలేదు అనుకుంటే మామూలే. కానీ చిమ్నీ దగ్గరికి ఎందుకు వెళ్తున్నారండి? మీ ఫెర్మెంటర్ల నుంచి వచ్చేది ఎటు పోతోంది?

లెక్క చూడండి. 180 గ్రాముల గ్లూకోజు పులిస్తే 92 గ్రాముల ఇథనాలు, 88 గ్రాముల సీఓటూ. ఇథనాల్ సాంద్రత 0.789 కాబట్టి లీటరుకి దాదాపు 0.755 కిలోల సీఓటూ. మీ 100 కిలోలీటర్లకి రోజుకి 75 టన్నులు. బ్యాచ్ మొదట్లో, చివర్లో గాలి కలిసినదాన్ని వదిలేసి 80 శాతం పట్టినా 60 టన్నులు. మీకు కావల్సింది 50.

రెండో లెక్క. 13 శాతం సీఓటూ ఉన్న పొగలోంచి 90 శాతం విడదీయడానికి ప్రకృతి అడిగే కనీస పని టన్నుకి దాదాపు 45 యూనిట్లు. ఏ ద్రావణం తెచ్చినా, ఏ మెంబ్రేన్ (గ్యాసుల్ని వడకట్టే పలచని పొర) పెట్టినా దీనికంటే కిందికి దిగలేరు. వేమగిరి, జేగురుపాడు లాంటి చోట్ల గ్యాస్ టర్బైన్ పొగ అయితే సీఓటూ 4 శాతమే, అక్కడ కనీసం 65 యూనిట్లు. ఫెర్మెంటర్ మీద వచ్చేది నీటి ఆవిరి తీసేస్తే 99 శాతం సీఓటూ. అక్కడ విడదీసే పని దాదాపు సున్నా. కడగాలి, ఆరబెట్టాలి, అణచాలి, చల్లబరచాలి, అంతే.

తణుకు_ప్లాంటు
మాష్టారూ, ఫెర్మెంటర్ గ్యాస్ ఇప్పుడు స్క్రబ్బర్ దాటి గాల్లోకే పోతోంది. స్వచ్ఛత గంటగంటకీ మారుతుంది, పానీయాల కంపెనీలు ఒప్పుకోవు అని కొటేషన్ ఇచ్చినవాళ్లు అన్నారు.

భీమవరం_చిల్లర్
మారుతుంది, నిజమే. మారే తీరు తెలిసి కట్టుకుంటే ఇబ్బంది లేదండి. ఫెర్మెంటర్ నింపిన కొత్తలో పైభాగమంతా గాలే. ఈస్ట్ ఊపందుకుని ఆ గాలిని తోసేసేదాకా ఆ గ్యాస్ వాడకూడదు. ప్రతి ఫెర్మెంటర్ వెంట్‌కీ రెండు వాల్వులు పెట్టండి: ఒకటి గాల్లోకి, ఒకటి హెడరుకి (అన్ని ట్యాంకుల గ్యాసూ కలిసే పెద్ద పైపుకి). ఎనలైజరు 99 దాటిందని చూపిస్తేనే హెడరు వాల్వు తెరుచుకోవాలి. బ్యాచ్ చివర గ్యాస్ పలచబడగానే మళ్లీ గాల్లోకి. ఇది మనిషి చేతిలో పెడితే రాత్రి షిఫ్టులో గాలి హెడర్లోకి వస్తుంది, అక్కణ్ణించి కండెన్సర్ దెబ్బతింటుంది. గాలి ద్రవం కాదు కదా, ట్యూబుల్లో కూర్చుని ప్రెజర్ పెంచేస్తుంది. వదిలేయాల్సిన పర్జ్ పెరిగి, పట్టిన సీఓటూ దాంతో పాటు పోతుంది.

వరస ఇలా ఉంటుంది. ముందు నురగ పట్టే డ్రమ్ము. ఇది లేకపోతే నూకల మాష్ పొంగినప్పుడు స్క్రబ్బర్ ప్యాకింగ్ అంతా జిగురే. తర్వాత నీటి స్క్రబ్బర్. ఇథనాల్లో ఒక శాతం దాకా సీఓటూతో పాటు ఆవిరిగా ఎగిరిపోతుంది. ఆ స్క్రబ్బర్ నీటిని పారబోయకుండా పులిసిన మాష్ ట్యాంకుకి మళ్లిస్తే, అర శాతం దక్కినా రోజుకి 500 లీటర్ల స్పిరిట్. తర్వాత బ్లోయరు, ఆ తర్వాత రెండు దశల నూనె లేని కంప్రెసర్, 17–18 బార్. తర్వాత యాక్టివేటెడ్ కార్బన్ పాత్రలు రెండు, ఒకటి పనిలో ఉంటే ఒకటి రీజెనరేషన్‌లో. తర్వాత డ్రయ్యర్, మైనస్ 60 డ్యూ పాయింట్ (ఆ చలి దాకా తేమ కట్టనంత పొడి). చివర అమోనియా కండెన్సర్, కింద చిన్న రీబాయిలర్. ద్రవంలో కరిగిన ఆక్సిజన్, నైట్రోజన్ ఆ రీబాయిలర్ దగ్గరే ఎగిరిపోతాయి. 17 బార్‌లో సీఓటూ మైనస్ 25 దగ్గర ద్రవమవుతుంది.

మొత్తం కరెంటు టన్నుకి 150 నుంచి 180 యూనిట్లు. అందులో కంప్రెసర్ సగం పైన, అమోనియా మూడో వంతు దాకా.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. ఫెర్మెంటర్ ప్రెజర్ పాత్ర కాదు, పలచని రేకు ట్యాంకు. బ్లోయర్ ఎక్కువ పీల్చిందంటే పైకప్పు లోపలికి నొక్కుకుపోతుంది. హెడర్లో ఎప్పుడూ 50–100 మిల్లీమీటర్ల నీటి మట్టం మేర పాజిటివ్ ప్రెజర్ ఉండేట్టు బ్లోయర్ వేగం మారే డ్రైవ్ పెట్టాలి. ప్రతి ట్యాంకుకీ వేరుగా వాక్యూమ్ బ్రేకరు ఉండాలి. డ్రైవ్ ఉంది కదా అని బ్రేకర్ మానేయకండి.

ఊక_బాయిలర్
ఫెర్మెంటర్ గ్యాస్ చవకే, కాదనను. కానీ రోజుకి 60 టన్నులు కొనేవాళ్లు చుట్టుపక్కల ఉండాలి కదా. నిల్వ ట్యాంకులు నిండితే గాల్లోకే. యాజమాన్యం చిమ్నీ అంటోందంటే సరుకు కోసం కాదు, కార్బన్ లెక్క కోసం అయ్యుంటుంది. అప్పుడు ప్రశ్న మారిపోతుంది.

లెక్కల_మాష్టారు
మారదండి. రెండూ పైరు నుంచి వచ్చిన కార్బనే. నూకల్లోంచి వచ్చిన టన్నుకీ, ఊకలోంచి వచ్చిన టన్నుకీ గాలి దృష్టిలో తేడా లేదు. చవకైన టన్ను ముందు పట్టాలి, ఖరీదైనది తర్వాత.

ఊకనే తీసుకోండి. కిలోకి దాదాపు 3,200 కిలోకేలరీలు, బాయిలర్ సామర్థ్యం 75 శాతం అనుకుంటే కిలో ఊక నుంచి స్టీముకి చేరేది 10 మెగాజౌళ్లు. టన్ను సీఓటూకి 4 గిగాజౌళ్లంటే 400 కిలోల ఊక కాల్చాలి. ఊకలో కార్బన్ 38 శాతం దాకా, అంటే కిలో ఊకకి 1.4 కిలోల సీఓటూ. టన్ను పట్టడానికి 550 కిలోలు కొత్తగా వదులుతున్నారన్నమాట. 2.5 గిగాజౌళ్లకి దిగితే అది 350 కిలోలు. రెండూ చిన్న సంఖ్యలు కావు.

ఒక ఊరట ఉంది. ఆ అదనపు స్టీమ్ 45 బార్‌లో పుట్టి టర్బైన్ గుండా 3.5 బార్‌కి దిగితే టన్ను స్టీముకి 100 యూనిట్ల దాకా కరెంటు వస్తుంది. 1.9 టన్నులకి 190 యూనిట్లు. అంటే క్యాప్చర్ ప్లాంటు పంపులకీ, కంప్రెసరుకీ, అమోనియాకీ సరిపడా. కానీ టర్బైన్‌లో, బాయిలర్‌లో ఖాళీ ఉంటేనే ఈ లెక్క. ప్రెజర్ తగ్గించే వాల్వు గుండా స్టీమ్ పంపితే ఆ 190 యూనిట్లూ గంగపాలు.

తణుకు_ప్లాంటు
బాయిలర్‌లో 4 టన్నుల దాకా ఖాళీ ఉంది అండి, టర్బైన్‌లో రెండున్నర. ఊక_బాయిలర్ గారన్నది నిజమే, యాజమాన్యానికి రెండో దశలో చిమ్నీ కూడా కావాలి. మొదటి దశ ఫెర్మెంటర్ అని ఒప్పిస్తాను. రెండో దశకి స్టీమ్ తగ్గించే దారులు కూడా ఇక్కడే చెప్పండి.

అబ్సార్బర్
అబ్సార్బర్ టవర్లో చల్లటి ఎంఈఏ ద్రావణం పొగలోంచి సీఓటూని పట్టుకుంటుంది. స్ట్రిప్పర్ టవర్లో, అడుగున రీబాయిలర్‌లో స్టీముతో వేడి చేస్తే వదిలేస్తుంది. ముందు ఆ 4 గిగాజౌళ్లు ఎటు పోతున్నాయో చూద్దాం. మూడు వాటాలు. ఎంఈఏ నుంచి సీఓటూని విడదీయడానికి కావాల్సిన ప్రతిచర్య ఉష్ణం 1.9 గిగాజౌళ్ల దాకా. ఇది ద్రావణం జాతకం, పైపులు మార్చి దీన్ని మార్చలేం. రెండోది, చల్లగా వచ్చే ద్రావణాన్ని 120 డిగ్రీలకి వేడి చేయడం. మూడోది, స్ట్రిప్పర్ పైనుంచి సీఓటూతో పాటు ఎగిరి, కండెన్సర్‌లో వృథాగా చల్లారే నీటి ఆవిరి. రెండు, మూడు వాటాలు మన చేతిలోవి.

రెండో వాటా. సీఓటూ వదిలేసిన లీన్ ద్రావణంలో లోడింగ్ (ఒక్కో ఎంఈఏ అణువుకి ఎన్ని సీఓటూ అణువులో) 0.22, సీఓటూ పట్టిన రిచ్‌లో 0.47 అనుకోండి, తేడా 0.25. టన్ను సీఓటూ మోయడానికి ఐదున్నర టన్నుల ఎంఈఏ తిరగాలి, అంటే 30 శాతం ద్రావణం 18 టన్నుల పైన. లీన్-రిచ్ ఎక్స్ఛేంజర్‌లో (వేడి లీన్ ద్రావణం చల్లటి రిచ్‌ని వేడి చేసే చోట) ఒక్కో డిగ్రీ తేడాకి దాదాపు 0.07 గిగాజౌళ్లు రీబాయిలర్ భరిస్తుంది. కొటేషన్లలో మామూలుగా 10 డిగ్రీల తేడా రాస్తారు. ప్లేట్ ఎక్స్ఛేంజర్ పెద్దది తీసుకుని 5 డిగ్రీలకి తెస్తే 0.3 గిగాజౌళ్లు పైగా మిగులుతుంది. అదనపు ప్లేట్ల ఖర్చు తప్ప ఇంకేం లేదు. నాకు ఎవరైనా ఒకే ఒక్క మార్పు చేయమంటే ఇదే చేస్తాను.

మూడో వాటాకి కోల్డ్ రిచ్ స్ప్లిట్. రిచ్ ద్రావణంలో 5–10 శాతాన్ని ఎక్స్ఛేంజర్‌లోకి పంపకుండా చల్లగానే స్ట్రిప్పర్ నెత్తిన పోయాలి. పైకి ఎగిరే ఆవిరి ఆ చల్లటి ద్రావణం మీద కరిగి, దాన్ని వేడి చేస్తుంది. కండెన్సర్‌లో నీళ్లకి ఇచ్చేసే వేడి లోపలే ఉండిపోతుంది. ఒక పైపు, ఒక కంట్రోల్ వాల్వు, ఒక ఫ్లో మీటరు. స్టీమ్‌లో 5 శాతం పైనే తగ్గుతుంది. వాటా ఎక్కువైతే స్ట్రిప్పర్ పైభాగం చల్లబడి లీన్ లోడింగ్ పెరిగిపోతుంది. కాబట్టి 5 దగ్గర మొదలుపెట్టి, శాంపిల్ చూసుకుంటూ పెంచాలి.

ఇంకా కావాలంటే లీన్ ఆవిరి రీకంప్రెషన్. స్ట్రిప్పర్ అడుగున 1.8 బార్‌లో ఉన్న లీన్ ద్రావణాన్ని ఒక బార్‌కి ఫ్లాష్ చేసి, వచ్చిన ఆవిరిని అణచి మళ్లీ స్ట్రిప్పర్‌లోకి పంపడం. స్టీమ్ పది శాతం పైన తగ్గుతుంది, కరెంటు టన్నుకి 20 యూనిట్ల అటూఇటూ పెరుగుతుంది. టర్బైన్‌లో స్టీమ్ నుంచే కరెంటు తీసే మీలాంటి చోట దీని లాభం పలచన. నేనైతే పెట్టను.

ఖర్చే లేని పని ఒకటుంది: లీన్ లోడింగ్ సరైన చోట పెట్టడం. 0.15కి లాగితే ఆవిరి అమాంతం పెరుగుతుంది. 0.28 దగ్గర వదిలేస్తే తిరగాల్సిన ద్రావణం పెరుగుతుంది. మధ్యలో, 0.20–0.24 దగ్గర ఎక్కడో తక్కువ ఉంటుంది. చాలా ప్లాంట్లలో మొదటిరోజు పెట్టిన స్టీమ్ వాల్వు అలాగే ఏళ్ల తరబడి ఉంటుంది. పొగలో సీఓటూ మారినా, వేడి మారినా దాన్ని ఎవరూ ముట్టరు. షిఫ్టుకొక్కసారి టైట్రేషన్: యాసిడ్‌తో ఎమీన్ బలం, బేరియం క్లోరైడ్ పద్ధతిలో లోడింగ్. ల్యాబ్‌కి ఇది పెద్ద పని కాదు.

కాకినాడ_యూరియా
ఈ జిల్లాలకి ఇది కొత్తేం కాదండి. కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లోనే రిఫార్మర్ (గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసే కొలిమి) పొగలోంచి సీఓటూ పట్టే యూనిట్ పెట్టారు, సామర్థ్యం రోజుకి 450 టన్నులు. జపాన్ మిత్సుబిషీ హెవీ ఇండస్ట్రీస్ వాళ్ల కేఎస్-1 ద్రావణం. అంతకుముందు 2006లో ఇఫ్కో వాళ్ల ఆవ్లా, ఫూల్‌పూర్ ప్లాంట్లలో అదే పద్ధతి, అదే 450 టన్నులు.

ఎందుకు పెట్టారంటే, టన్ను యూరియాకి 0.73 టన్నుల సీఓటూ కావాలి. నాఫ్తా మీద ఉన్నంతకాలం అమోనియాతో పాటు సరిపడా సీఓటూ వచ్చేది. సహజ వాయువులో హైడ్రోజన్ ఎక్కువ, కార్బన్ తక్కువ. అమోనియా మిగిలిపోయి సీఓటూ చాలదు. ఆ లోటు పొగలోంచి పూడ్చారు. అంటే పక్కనే ఖచ్చితంగా తాగేసే నోరు ఉండేది, రవాణా లేదు, ద్రవం చేయక్కర్లేదు. ఆ మూడూ కలిస్తేనే లెక్క కుదిరింది.

అయితే ఆ పొగ మీథేన్ కాల్చిన పొగ. బూడిద లేదు, గంధకం లేదు. దాన్ని చూసి ఊక పొగకి అదే జీవితకాలం ఊహించుకోకండి.

ఊక_బాయిలర్
అదే నేను చెప్పబోయేది. ఊక పొగలో గంధకం తక్కువే, కానీ పొటాషియం క్లోరైడ్ ఉంది. కొలిమిలో ఆవిరై, చల్లారేటప్పుడు మైక్రాన్ కంటే చిన్న రేణువులవుతుంది. ఈఎస్‌పీ (కరెంటుతో బూడిద పట్టే యంత్రం) దాటేస్తుంది, నీటి స్క్రబ్బర్ దాటేస్తుంది. అబ్సార్బర్‌లోకి వెళ్లాక ఒక్కో రేణువు చుట్టూ నీళ్లూ, ఎమీనూ చేరి పొగమంచు తయారవుతుంది. పైన వాటర్ వాష్ పెట్టాం, డిమిస్టర్ పెట్టాం అని ధైర్యంగా ఉంటారు. ఆ మంచు రెండింటినీ దాటి చిమ్నీలోంచి ఎమీన్‌ని మోసుకుపోతుంది. ద్రావణం ఎందుకు తరుగుతోందో అర్థం కాక పంపు గ్లాండ్లన్నీ మారుస్తుంటారు.

కాబట్టి ఊక పొగకి ఈఎస్‌పీ తర్వాత బ్యాగ్ ఫిల్టర్ తప్పదు. దాని తర్వాత కాస్టిక్ కలిపిన నీళ్లు నేరుగా పొగ మీద పడే డైరెక్ట్ కాంటాక్ట్ కూలర్, 140–150 డిగ్రీల పొగని 40కి తేవాలి, సల్ఫర్ డయాక్సైడ్ 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) లోపు, వీలైతే ఇంకా కిందికి. అది ఎమీన్‌తో కలిసి విడిపోని లవణాలు చేస్తుంది, ఆ మేరకు ఎమీన్ చచ్చినట్టే.

బూడిదలో 90 శాతం దాకా సిలికా. చిన్న రంధ్రం ఉన్న స్ప్రే నాజిళ్లు, ప్లేట్ ఎక్స్ఛేంజర్లు రెండూ దానికి బలి. రిచ్ లైన్‌లో 10 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టండి.

మీ బాయిలర్ పూర్తి లోడులో రోజుకి 280 టన్నుల పైన సీఓటూ వదులుతుంది. మీకు 50 చాలు కాబట్టి ఐదో వంతు పొగ మళ్లిస్తే సరి, గంటకి 9,000 సాధారణ ఘనపు మీటర్ల పైచిలుకు. ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగని లాగే ఫ్యాన్) తర్వాత, చిమ్నీకి ముందు తీసుకోండి. దానికి వేరే ఫ్యాన్. అబ్సార్బర్, కూలర్, వాష్ అంతా కలిపి 80 మిల్లీబార్లు దాటితే ఫ్యానుకే టన్నుకి 15 యూనిట్లు పోతుంది. రాండమ్ ప్యాకింగ్ చవకని తీసుకుంటే ఆ మిగులు ఫ్యాన్ బిల్లులో కట్టాలి.

రాజోలు_రాయి
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పట్టిన సీఓటూని అమ్మడం ఎందుకు, రాజమండ్రి ట్రాప్స్ బసాల్టు ఉంది కదా. కడియం, పంగిడి వైపు పైకే కనిపిస్తుంది, డెల్టా కింద రాజోలు ఫార్మేషన్ పేరుతో లోతుకి దిగుతుంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ వాళ్లు బసాల్టులోకి పంపిన సీఓటూలో 95 శాతం పైన రెండేళ్లలో రాయిగా మారిందని 2016లో ప్రచురించారు.

లెక్కల_మాష్టారు
ఆ పద్ధతిలో టన్ను సీఓటూకి పాతిక టన్నుల నీళ్లు కావాలండి. రోజుకి 50 టన్నులకి 1,250 టన్నుల నీళ్లు. పైగా వాళ్ల బసాల్టు వయసులో కుర్రది, మనది ఆరున్నర కోట్ల ఏళ్లది. రంధ్రాలు ఎంత మూసుకున్నాయో బోరు వేసి కొలవందే తెలీదు.

నిర్వాహకుడు
బసాల్టుకి వేరే దారం తెరవండి, ఇక్కడ పట్టడం గురించే. కొత్తవాళ్లు మెంబ్రేన్లు, జియోలైట్ల గురించి అడుగుతున్నారు, ఎవరైనా రెండు ముక్కల్లో చెప్పి ముగించండి.

అబ్సార్బర్
రెండు ముక్కల్లో. జియోలైట్ 13ఎక్స్‌కి (సన్న రంధ్రాల్లో గ్యాస్ పట్టే ఖనిజం) సీఓటూ కంటే నీళ్లంటే ఇష్టం. మన డెల్టా గాలిలో, తడి పొగలో ముందు ఆరబెట్టడానికే మిగులంతా తినేస్తుంది. మెంబ్రేన్ 13 శాతం పొగ మీద ఒక్క దశలో అమ్మదగిన స్వచ్ఛత ఇవ్వదు, రెండు దశలూ వాక్యూమ్ పంపులూ కావాలి. కానీ ఫెర్మెంటర్ ప్లాంటులో కండెన్సర్ పర్జ్ నుంచి సీఓటూ తిరిగి పట్టడానికి చిన్న మెంబ్రేన్ బాగా పనిచేస్తుంది. అక్కడ ప్రెజర్ ముందే ఉంది కదా.

తణుకు_ప్లాంటు
వేరే ద్రావణాల మాట? ఎంఈఏ కాకుండా?

అబ్సార్బర్
పిపరజీన్, ఏఎంపీ అనే వేరే ఎమీన్లు కలిపిన ద్రావణాలు, కంపెనీలు పేరు పెట్టి అమ్మేవి, మెరుగులన్నీ కలుపుకుని 2.5–3.0 గిగాజౌళ్ల మధ్య ఉంటాయి. పిపరజీన్ 150 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కాబట్టి స్ట్రిప్పర్ ఎక్కువ ప్రెజర్లో నడిచి కంప్రెసర్ పని కూడా తగ్గుతుంది. చల్లటి దేశాల్లో అది గడ్డకట్టి పైపులు మూసేస్తుందని భయపడతారు, గోదావరి జిల్లాల చలికి ఆ భయం తక్కువ. ఖరీదు ఎక్కువ. నైట్రోజన్ డయాక్సైడ్‌తో నైట్రోసమీన్లనే విష పదార్థాలు చేస్తుంది కాబట్టి వాటర్ వాష్ విషయంలో రాజీ ఉండకూడదు.

ఊక పొగ మీద ఖరీదైన ద్రావణం పోసేముందు, చవకైన ఎంఈఏతో ఒక సీజను నడిపి తరుగు చూడమని నా సలహా. టన్నుకి కిలోన్నర, రెండు కిలోలు మామూలు. నాలుగు దాటితే పొగ శుభ్రత లేనట్టే. అప్పుడు ద్రావణం మారిస్తే ఖరీదైనది పోగొట్టుకోవడమే.

ఇంకోటి మర్చిపోకండి. మీ 3.5 బార్ స్టీమ్ 148 డిగ్రీల సంతృప్త వేడి, టర్బైన్ నుంచి అంతకంటే వేడిగా రావచ్చు. దాన్ని నేరుగా ఎంఈఏ రీబాయిలర్‌కి ఇస్తే ట్యూబ్ గోడ దగ్గర ద్రావణం మాడుతుంది. 122–125 దాటితే ఎంఈఏ విరగడం వేగం పుంజుకుంటుంది. డీసూపర్‌హీటర్ (నీళ్లు చల్లి స్టీమ్ అదనపు వేడి తీసేది) పెట్టి, 2–2.5 బార్‌కి తగ్గించి, ట్యూబుల వైశాల్యం పెంచుకోండి.

లెక్కల_మాష్టారు
ఇథనాల్ ప్లాంటు వాళ్లకి ఇంకో వరం ఉంది, ఎమీన్ అమ్మేవాళ్లు చెప్పరు. స్ట్రిప్పర్ పైనుంచి 95–100 డిగ్రీల ఆవిరి, సీఓటూ కలిసి వస్తాయి. దాన్ని కూలింగ్ నీళ్లతో చల్లార్చే బదులు థిన్ స్లాప్ (డిస్టిలేషన్ తర్వాత మిగిలే పలచని ద్రవం) ఎవాపరేటర్ మొదటి ఎఫెక్ట్‌కి, అంటే మొదటి దశకి ఇవ్వొచ్చు, అది 75–80 డిగ్రీల్లో మరుగుతుంది. టన్ను సీఓటూకి ఒక గిగాజౌల్ దక్కినా 50 టన్నులకి గంటకి దాదాపు టన్ను స్టీమ్ ఎవాపరేటర్ దగ్గర మిగులుతుంది. ఎమీన్ ప్లాంటుకి కావాల్సిన గంటకి 4 టన్నుల్లో పావు వంతు అక్కడే వెనక్కి వచ్చినట్టు.

రెండు షరతులు. షెల్ వైపు (ట్యూబుల బయట) సీఓటూ ఆవిరిలా ద్రవం కాదు, ట్యూబుల చుట్టూ దుప్పటిలా పట్టుకుంటుంది, కాబట్టి వైశాల్యం మామూలు లెక్క కంటే బాగా ఎక్కువ ఉండాలి, వెంట్ సరైన చోట ఉండాలి. తడి సీఓటూ మైల్డ్ స్టీలుని తినేస్తుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ తప్పదు. ఎవాపరేటర్ ఆగిన రోజుకి పాత నీటి కండెన్సర్ కూడా ఉంచుకోవాలి.

కోనసీమ_పైపు
తడి సీఓటూ మాటొచ్చింది కాబట్టి. ప్లాంటు నుంచి కొనేవాడి దాకా పైపు వేద్దామని ఎవరైనా అంటే, ఆరబెట్టకుండా మాత్రం వద్దు. నీళ్లు నిలిచే ప్రతి వంపులోనూ కార్బోనిక్ యాసిడ్ అడుగు నుంచి తినేస్తుంది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలుడు తర్వాత కోనసీమలో పైపు అంటే జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. సీఓటూ మండదు నిజమే, కానీ గాలికి ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే కాలువ గట్టు కింద, పల్లపు వీధిలో కూర్చుంటుంది. రోజుకి 50 టన్నులకి రెండు మూడు ట్యాంకర్లు చాలు.

భీమవరం_చిల్లర్
ప్లాంటు లోపల కూడా అదే. డిటెక్టర్లు మోకాలి ఎత్తులో బిగించాలి, కప్పు కింద కాదు. 5,000 పీపీఎం ఎనిమిది గంటల పరిమితి, 40,000 అంటే ప్రాణాపాయం. కంప్రెసర్ గుంట, స్క్రబ్బర్ సంపు, ఖాళీ చేసిన ఫెర్మెంటర్, ఈ మూడింట్లోకి మనిషి దిగేముందు ఆక్సిజన్ ఒక్కటే చూస్తే చాలదు. ఆక్సిజన్ 19 చూపిస్తున్నప్పుడే సీఓటూ ప్రాణం తీసే స్థాయి దాటి ఉండొచ్చు.

నిల్వ ట్యాంకు లైసెన్స్ పెసో (కేంద్ర పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) దగ్గర, 2016 స్టాటిక్ అండ్ మొబైల్ ప్రెజర్ వెసెల్స్ రూల్స్ కింద. ట్యాంకులో ప్రెజర్ 5.2 బార్ లోపుకి పడిపోతే ద్రవం డ్రై ఐస్ అయిపోతుంది. అడుగు వాల్వు మూసుకుపోతుంది, ఉక్కు పెళుసవుతుంది. అప్పుడు వేడినీళ్లు పోసి తొందరపడకూడదు. ఆవిరి వైపు నుంచి సీఓటూ గ్యాసే మెల్లగా పంపి ప్రెజర్ పెంచాలి.

పానీయాల కంపెనీలు అడిగేది: 99.9 శాతం, నీళ్లు 20 పీపీఎం, ఆక్సిజన్ 30, ఎసిటాల్డిహైడ్ 0.2, మొత్తం సల్ఫర్ 0.1, బెంజీన్ 0.02. ఇథనాల్ గ్యాస్‌కి కష్టమైంది ఎసిటాల్డిహైడ్. స్క్రబ్బర్ నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత బాగా పట్టుకుంటుంది. మేలో 33 డిగ్రీల నీళ్లతో పట్టదు, భారమంతా కార్బన్ మీద పడి రీజెనరేషన్ దగ్గరపడుతుంది. స్క్రబ్బర్ చివరి భాగానికి అమోనియా చిల్లర్ నుంచి కొద్దిగా చల్లటి నీళ్లు ఇవ్వండి.

తణుకు_ప్లాంటు
నీళ్ల ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు అండి. ఏప్రిల్, మే నెలల్లో కాలువ బంద్. బోరు నీళ్లు ఉప్పు.

ఊక_బాయిలర్
ఎమీన్ ప్లాంటులో రీబాయిలర్‌కి ఇచ్చిన వేడంతా చివరికి కూలింగ్ టవర్‌లోనే తేలుతుంది. 4 గిగాజౌళ్లకి టన్నున్నర నుంచి రెండు టన్నుల నీళ్లు ఆవిరి, బ్లోడౌన్ (ఉప్పు పేరకుండా టవర్ నుంచి వదిలేసే నీళ్లు) అదనం. 50 టన్నులకి రోజుకి 100 కిలోలీటర్లు అనుకోండి. ఎవాపరేటర్‌కి వేడి మళ్లిస్తే పావు వంతు తగ్గుతుంది. ఫెర్మెంటర్ ప్లాంటుకైతే టన్నుకి అర టన్ను లోపే.

ఇంకో మూల ఉంది. ఊక పొగలో నీటి ఆవిరి బాగా ఉంటుంది. 40కి చల్లార్చినప్పుడు డైరెక్ట్ కాంటాక్ట్ కూలర్‌లో నీళ్లు దిగుతాయి. తటస్థం చేసి, వడగట్టి టవర్‌కి వాడుకోవచ్చు, క్లోరైడ్ చూసుకోండి. ఉప్పు బోరు నీళ్లు మాత్రం 304 స్టెయిన్‌లెస్ ప్లేట్ల దగ్గరికి రానీయకండి, గుంటలు పడిపోతాయి. మే నెలకి చెరువులో నెలన్నర నీళ్లు నిలవ, లేదా ఆ నెలల్లోనే వార్షిక ఓవర్‌హాల్.

తణుకు_ప్లాంటు
కొత్త ఎంక్వయిరీ రాస్తున్నాను. గ్యారంటీల్లో ఏం అడగాలి?

అబ్సార్బర్
కూలింగ్ నీళ్లు 33 డిగ్రీలు అని రాయండి. రాయకపోతే వాళ్లు 25కి లెక్కేసి అందమైన సంఖ్య ఇస్తారు. టన్ను అంటే ట్యాంకులో తూకం వేసిన టన్ను, స్ట్రిప్పర్ దగ్గరి టన్ను కాదు. స్టీమ్ మీటర్ డీసూపర్‌హీటర్ తర్వాత పెట్టి, అక్కడ కలిసిన నీళ్లు విడిగా కొలవాలి. స్టీమ్, కరెంటు, ద్రావణం తరుగు మూడింటికీ ఒకే 72 గంటల పరీక్ష. వేర్వేరు రోజుల్లో కుదరదు, ఎందుకంటే ద్రావణం ఎక్కువ తిప్పి స్టీమ్ తగ్గించినట్టు, తక్కువ తిప్పి కరెంటు తగ్గించినట్టు చూపించొచ్చు. లోడు 100 శాతంలోనూ, 60 శాతంలోనూ అడగండి. అమ్మకం మందగించిన నెలల్లో మీరు నడిపేది 60లోనే.

భీమవరం_చిల్లర్
మొదటి దశకి: అమోనియా ఆవిరయ్యే ఉష్ణోగ్రత ఎంతో రాయించండి. మైనస్ 35 అంటే కండెన్సర్ చిన్నది పెట్టి కరెంటు మీ నెత్తిన వేస్తున్నట్టు. మైనస్ 30 అడగండి, ఒక్కో డిగ్రీకి అమోనియా కంప్రెసర్ కరెంటు రెండు మూడు శాతం తగ్గుతుంది. ట్యాంకు మూడు రోజుల ఉత్పత్తికి, అంటే 180 టన్నులు, రెండుగా విడగొట్టి తీసుకోండి. ఒకదాని శాంపిల్ ఫెయిలైతే రెండోదాన్లో మంచి సరుకు ఉంటుంది. ఎనలైజర్ వచ్చేదాకా హెడర్ వాల్వులు తెరవొద్దు.